కట్టు చల్లారేదాకా

1966 డిసెంబరు పదిహేనో తారీకు, గురువారం, పొద్దున్న తొమ్మిదింబావుకి సింహాచలం అనే బండి మనిషి కాలికి ప్లాస్టర్ కట్టు వేశారు. పది కొట్టేసరికి ఆ కట్టు లోపల కాలు కాలిపోయింది. అనకాపల్లిలో, గవరపాలెం వెళ్ళే దారిలో, పెంకుటింట్లో నడిచిన ఒక ప్రైవేటు ఆస్పత్రిలో జరిగిందిది. ఆ ఆస్పత్రి ఇప్పుడు లేదు. దాని డాక్టరుగారూ లేరు. కట్టు వేసిన డ్రెస్సరు కూడా పోయిన నెలలో పోయాడని మొన్న కూరల బజారులో తెలిసింది. వంకాయలు తూస్తూ కూరలమ్మే ఆవిడ, "కళాయి సాయిబు పోయేడట, తెలుసా" అంది. ఆవిడ ఎరిగింది గిన్నెలకి కళాయి పూసిన మనిషిని. నేనెరిగింది అంతకు ముందరి మనిషిని. అప్పట్లో ఆయన్ని అందరూ కట్ల సాయిబు అనేవాళ్ళు.

నేను ఆ ఆస్పత్రిలో ఆయాని. ఆయన పక్కన ఆరేళ్ళు పనిచేశాను.

సన్నటి మనిషి. గళ్ళ లుంగీ మీద ఆస్పత్రి వాళ్ళిచ్చిన తెల్లకోటు. ఆ కోటుకి ఒక్క గుండీ ఉండేది కాదు. గుండీ తెగి పట్టీల్లో పడితే కట్టులో రాయిలా కూర్చుని మనిషికి పుండు చేస్తుందని అన్నీ తనే తెంపేసుకుని, నాడా గుడ్డతో బిగించుకునేవాడు. ప్లాస్టర్ పిండి కొత్త డబ్బా వస్తే మూత తీసి, చిటికెడు పిండి చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని వేళ్ళతో నలిపేవాడు. చప్పుడు లేకుండా నలిగితే మంచిది. గరగరమందంటే చెమ్మ తగిలిందన్నమాట.

"ఇది దారిలోనే ఎవరి దగ్గరో నీళ్ళు తాగొచ్చింది. మన దగ్గరేం తాగుతాది" అని ఆ డబ్బా పక్కన పడేసేవాడు.

పల్చటి గుడ్డని పొడుగ్గా చింపి, దాని మీద పిండి జల్లి, అరచేత్తో రుద్ది, చుట్టలు చుట్టి బిస్కట్ డబ్బాల్లో దాచుకునేవాడు. వానాకాలమంతా ఆ డబ్బాలు ఆస్పత్రి వంటింట్లో పొయ్యి పక్కన ఉండాల్సిందే. వంటావిడ విసుక్కుంటే, "నీ పప్పు మాడితే ఒక పూట పస్తు. నా పిండి మెత్తబడితే ఒకడికి జన్మంతా కుంటు" అనేవాడు. ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయేది. వెనకాల మాత్రం బాగా తిట్టేది.

ఇక నీళ్ళు. నీళ్ళ విషయంలో ఆయన పెట్టిన చాదస్తం ఏ అత్తగారూ కోడలికి పెట్టి ఉండదు. నాకు ఆయన నేర్పినవి రెండు మాటలు: బావి నీళ్ళు, ఎండ నీళ్ళు. వేసవిలో అయితే అప్పటికప్పుడు బావిలోంచి తోడిన చన్నీళ్ళు. చలికాలంలో అయితే పెరట్లో ఎండలో పెట్టి చలి విరిగిన నీళ్ళు. ఏ రోజు ఏవి కావాలో పొద్దున్నే ఆకాశం చూసి ఆయన చెప్పేవాడు. నేను మోసేదాన్ని. తెచ్చాక బకెట్లో మోచెయ్యి ముంచేవాడు.

"వేళ్ళు పెట్టి చూస్తే చాలదా సాయిబు గారూ" అని అడిగాను ఒకసారి.

"వేళ్ళు రోజూ టీ గ్లాసులు పట్టుకుని మొద్దుబారిపోయాయి. మోచేతికి పనీ పాటా లేదు. అందుకని అబద్ధం చెప్పదు."

ఒకరికి వాడిన నీళ్ళు ఇంకొకరికి పనికిరావు. అడుగున పిండి పేరుకున్న నీళ్ళని ఎంగిలి నీళ్ళు అనేవాడు. ఆ నీళ్ళలో ముంచితే కొత్త పట్టీ తొందరపడి బిగుసుకుంటుందట. వెనక ఎంతమంది కాచుకుని ఉన్నా ఎంగిలి నీళ్ళు పారబోసి, బకెట్టు తోమించి, మళ్ళీ తెమ్మనేవాడు. మళ్ళీ మోచెయ్యి.

అన్నిటికన్నా నాకు గుర్తుండిపోయింది ఆయన అరచెయ్యి. కట్టు వేయడం అయిపోయాక అందరూ చేతులు కడుక్కుని పోతారు. ఈయన ముక్కాలి పీట లాక్కుని కూర్చుని, తడి కట్టు మీద అరచెయ్యి ఆనించి, గోడ చూస్తూ ఉండేవాడు. కశింకోట నుంచి ఒక రైతు ముంజెయ్యి విరిగి వచ్చాడు. కట్టు వేశాక కంగారుపడ్డాడు.

"సాయిబు గారో, సెయ్యి ఎచ్చబడతన్నాది. ఏటిది?"

"జ్వరం."

"నాకా?"

"పిండికి. నీళ్ళు తాగిన పిండికి కాస్త జ్వరం వత్తాది. అది దిగేదాకా నేను లెగను."

"మరి దానికి మందియ్యవా?"

"ఉంది మందు. నువ్వు నోరు మూసుకుని కదలకుండా ఉండడమే."

జ్వరం వచ్చే వేళ కట్టు మీద గుడ్డ కప్పనిచ్చేవాడు కాదు. కింద దిండు పెట్టనిచ్చేవాడు కాదు. వేడి పోవడానికి దారి ఉండాలనేవాడు. పావుగంటో అరగంటో గడిచి, కట్టు తడిగుడ్డలా చల్లబడ్డాక లేచి, "ఇక దీని బతుకు ఇది బతుకుతాది" అని చేతులు కడుక్కునేవాడు. ఆయన వెళ్ళిపోవడమే రోగికి భరోసా.

ఆయన మంచివాడని రాయడానికి నేను కూర్చోలేదు. నోరు చెడ్డది. పని దగ్గర మనిషి నీడ పడినా కసురుకునేవాడు. పని తెలిసినవాళ్ళలో కొంతమందికి ఒక రోగం ఉంటుంది, చెబితే తరిగిపోతుందని. అది ఈయనకి నిండా ఉంది. ఆరేళ్ళలో ఏ నీళ్ళు ఎందుకో ఒక్కనాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. మోసేదానికి ఎందుకని అడిగే వీలు ఎక్కడుంటుంది?

పైగా నాకు తెలుసనే అనుకున్నాను. మాది నక్కపల్లి వైపు బెల్లం వండే ఇల్లు. పెళ్ళయ్యేదాకా నా చలికాలాలన్నీ పెనం పక్కనే గడిచాయి. పాకం వేడిగా ఉన్నంతసేపూ తెడ్డు చెప్పినట్టు వింటుంది. దించి చల్లారబెడితే దిమ్మ కడుతుంది. దిమ్మ చుట్టేలోపల బిగుసుకుపోతుందని భయం వేస్తే మళ్ళీ సెగ చూపిస్తాం, మెత్తబడుతుంది. వేడి మెత్తన, చల్లన గట్టి. పుట్టి బుద్ధెరిగాక నేను చూసిన లోకం అదే.

ఇప్పుడు ఆ రోజు సంగతి.

రావికమతం వైపు నుంచి బెల్లం దిమ్మలు వేసుకుని మార్కెట్టుకి వస్తున్న బండి. తెల్లవారుజామున ఎద్దు బెదిరితే సింహాచలం కిందికి దూకాడు, చక్రం మోకాలి కిందనుంచి పోయింది. రెండు ఎముకలూ విరిగాయి. అదే బండి మీద పడుకోబెట్టి అతని బావ అప్పలనాయుడు తీసుకొచ్చాడు. ఒళ్ళంతా బెల్లం వాసన. నర్సు రాజమణి సూది వేసింది. సగం మత్తులో ఉన్నాడు గానీ నోరు ఆగలేదు.

"బావా, ఎడ్లకి నీల్లెట్టేవా?"

"ఎట్టేన్రా. ముందు నీ కాలు సంగతి సూసుకో."

"కాలికేటి, అది నాకాడే ఉంటాది. ఎడ్లు ఎవుడో తోలుకుపోతాడు."

రంజాను ఉపవాసాలు అప్పుడే మొదలయ్యాయి. సాయిబుకి పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. అయినా చేతుల్లో తేడా ఏమీ లేదు. ఇది గట్టిగా రాస్తున్నాను, ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది. డాక్టరు సోమశేఖరంగారు పాదం పట్టి లాగుతున్నారు. అప్పలనాయుడు తొడ పట్టుకుని, చూడలేక ముఖం గోడకేసి తిప్పుకున్నాడు. సాయిబు విరిగిన చోట రెండు చేతులూ వేసి ఎముకని కూర్చోబెడుతున్నాడు. అది కూర్చోవడం లేదు. కూర్చున్నట్టే కూర్చుని జారిపోతోంది.

తల ఎత్తకుండానే నాతో అన్నాడు: "పైడితల్లీ, ఈ కాలు మొండిది. పిండి తొందరపడకూడదు, నెమ్మదిగా బిగియాల. దానికి తగ్గ నీళ్ళు తే. చుట్టలు నువ్వే ముంచి అందియ్యి, నాకు చేతులు ఖాళీ లేవు."

ఆరేళ్ళలో మొదటిసారి ఏ నీళ్ళో చెప్పకుండా నాకు వదిలేశాడు. నేను పొంగిపోయాను. ఉన్నమాట ఇది. పెరట్లోకి వెళ్ళి ఆలోచించాను. నెమ్మదిగా బిగియాలంటే ఏం చేస్తాం? వేడి తగ్గకుండా చూస్తాం. బావి నీళ్ళు చల్లన, పోస్తే ఇట్టే గట్టిపడిపోతుంది. ఎండ నీళ్ళు కూడా చాలవనుకున్నాను. సూదులు మరగబెట్టే డేగిసాలోంచి రెండు చెంబులు వేన్నీళ్ళు తీసి బకెట్లో కలిపాను. చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్ళలా ఉన్నాయి.

"నీళ్ళు సరిగ్గా ఉన్నాయా?" అన్నాడు, నేను వచ్చి కూర్చోగానే.

"మీరు సెప్పినట్టే తెచ్చేనండి."

మొదటి చుట్ట ముంచాను. బుడగలు ఆగాక తీసి, వత్తి, అందించాను. అది ఆయన చేతిలో పడగానే నా వైపు చూశాడు. ఆ చూపు ఎలా ఉందో నాకు రాయడం రాదు. తిట్టలేదు. తిట్టడానికి వ్యవధి లేదు. చేతులు వదిలేస్తే ఎముక జారిపోతుంది, ఆగితే పట్టీ చేతిలోనే రాయైపోతుంది. గబగబా చుట్టాడు. రెండు, మూడు, నాలుగు. అయిదోది నేను నీళ్ళలోంచి తీసేలోపలే ఉండ కట్టింది.

"నీళ్ళు మార్చాలండి" అన్నాడు.

"ఆగకు. నా చేతికి ఎముక కూర్చున్నట్టే ఉంది" అన్నారు డాక్టరుగారు.

మిగిలినవి అవే నీళ్ళలో ముంచాను. కట్టు అయ్యింది. ఆయన పీట లాక్కుని అరచెయ్యి పెట్టాడు. పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"డాక్టరుగారూ, ఇది మామూలు వేడి కాదండి. కోసేద్దాం. మళ్ళీ వేసుకుందాం."

"డిసెంబరు చలిలో కాస్త వెచ్చగా ఉంటే నష్టమేంటయ్యా? మనిషి వణుకుతున్నాడు. దుప్పటి కప్పండి, కాలి కింద దిండు పెట్టండి. కూర్చున్న ఎముకని ఎవరూ కదపొద్దు" అని ఆయన ఊళ్ళో ఇంకో రోగిని చూడడానికి వెళ్ళిపోయారు. రాజమణి దుప్పటి కప్పింది.

ఆవిడ అటు తిరగగానే సాయిబు దుప్పటి లాగేశాడు, దిండు తీసేశాడు. విసనకర్రతో విసిరాడు. మత్తులోంచి సింహాచలం మూలుగు మొదలెట్టాడు.

"బావా, నా కాలట్టుకెళ్ళి పొయ్యిలో ఎట్టేర్రా."

"పెనం కాడ పుట్టినోడివి, నీకు ఏడి ఒక లెక్కేటిరా" అన్నాడు అప్పలనాయుడు. నవ్వించాలని అన్నాడు.

సాయిబు లేచి కత్తెర పట్టుకుని, మళ్ళీ పెట్టేసి, గుమ్మం దాకా వెళ్ళి డాక్టరుగారు వస్తున్నారేమో చూసి వచ్చాడు. అలా రెండుసార్లు తిరిగాడు. నేను బకెట్టు పక్కనే కూర్చున్నాను. నీళ్ళు వేడివని నోరు విప్పి చెబితే రాజమణి అయినా డాక్టరుగారి కోసం మనిషిని పంపేదేమో. చెప్పలేదు. గోడ గడియారం పది కొట్టింది. అప్పుడు కోశాడు. పక్కనుంచి నిలువునా కోసి తెరిచాడు. లోపలి దూది తీస్తుంటే ఆవిరి వాసన వచ్చింది. పిక్క వెనకా మడమ దగ్గరా చర్మం ఎర్రబడి, పొక్కులు లేచాయి. తెరవగానే ఎముక జారిపోయింది.

డాక్టరుగారు వచ్చి కేకలు వేశారు. కొయ్యకుండా ఉంటే కాలు తిన్నగా ఉండేదన్నారు. కొయ్యకపోతే కాలు కుళ్ళిపోయేదని సాయిబు అన్నాడు. ఎవరిది నిజమో ఎవరూ చెప్పలేరు. కాలిన చోట మళ్ళీ కట్టు వేయడానికి వీల్లేదు. పుళ్ళు మానేదాకా చెక్కల మధ్య కట్టి ఉంచారు. ఎముక ఎలా అతుక్కోవాలనుకుందో అలా అతుక్కుంది. సింహాచలం మళ్ళీ నడిచాడు గానీ ఆ కాలు పొట్టి. మడమ నేలకి ఆనదు. బండి తోలాడు, ఎక్కడానికీ దిగడానికీ ఒకరి భుజం కావాల్సి వచ్చింది.

కట్టు కోసిన మూడో రోజున సింహాచలం ఊరి పెద్దలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాలు ఎలా కాలిందో చెప్పమన్నారు. డాక్టరుగారు మమ్మల్ని లోపలికి పిలిచి ఒక కాగితం రాశారు. చదువు లేని ఆయాతో పట్టీలు ముంచించారని బయటపడితే మాట ఆయన మీదికే వస్తుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నన్ను అడిగారు: "నువ్వు రోజూ తెచ్చే నీళ్ళే గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళిపోయావు, అంతే కదా?"

సాయిబు అక్కడే నిలబడి ఉన్నాడు.

"అవునండి" అన్నాను.

రాజమణి కాగితం చదివింది. డ్రెస్సరు ఉపవాసం వల్ల నీరసంగా ఉండి నీళ్ళు చూసుకోలేదని, చెప్పిన మాట వినకుండా కట్టు కోశాడని అందులో ఉంది. ఆవిడ గొంతు ఎక్కడా తడబడలేదు. నేను వేలిముద్ర వేశాను. అప్పటికి నాకు అక్షరం రాదు. యాభై దాటాక నేర్చుకున్నాను. చదువు రాక మోసపోయి ముద్ర వేశానని మా అమ్మాయి అంటుంది. నమ్మకండి. చదివి వినిపించాకే వేశాను. ఇద్దరు పిల్లలున్నారు, మొగుడు లేడు, ఆ ఉద్యోగం పోతే మళ్ళీ పెనం దగ్గరికే. అదీ కారణం. అది కారణమే గానీ సమాధానం కాదు.

ఆయన ఎందుకు నోరెత్తలేదో నాకు తెలియదు. నిన్ను కాపాడాడమ్మా అంటుంది మా అమ్మాయి. నాకలా అనిపించదు. ఆ కాగితం చదువుతున్నంతసేపూ ఆయన నన్నే చూశాడు. నేను చెబుతానని చూశాడు.

ఆ సాయంత్రం బావి దగ్గరికి వచ్చాడు. తిట్టడానికి అనుకున్నాను.

"వేన్నీళ్ళు ఎందుకు పోశావు?" అన్నాడు. కోపం లేదు. తెలుసుకోవాలని అడిగాడు.

"పాకం ఏడిగుంటే గట్టిపడదు కదండీ. నెమ్మదిగా బిగియాలన్నారని."

వంగి బావిలోకి చూశాడు. "బెల్లం" అన్నాడు చివరికి. "ఆరేళ్ళు నా పక్కనుండి బెల్లం లెక్కలో చూశావా దీన్ని." తరవాత చేత్తో బావి గట్టు తుడుచుకుని కూర్చుని, మొట్టమొదటిసారి చెప్పాడు. "బెల్లం నీళ్ళు పోగొట్టుకుని గట్టిపడతాది. ఇది నీళ్ళు తాగి గట్టిపడతాది. తాగేటప్పుడు ఒంట్లో వేడి పుడతాది. చన్నీళ్ళిస్తే నిదానంగా తాగుతాది, మనకి సర్దుకునే వ్యవధి ఇత్తాది. వేన్నీళ్ళిస్తే ఆత్రంగా తాగేసి, తను కాలి, పక్కోణ్ణీ కాలుస్తాది." లేచి నిలబడి, "ఇంతే. రెండు ముక్కలు. ఇవి చెప్పడానికి నాకు నోరు రాలేదు" అన్నాడు.

నెల తిరిగేలోపల మానేశాడు. పొమ్మన్నారో తనే పోయాడో తెలియదు. ఊళ్ళో కొందరు ఉపవాసం మాట పట్టుకుని చాలాకాలం చెప్పుకున్నారు, ఆయన చేతికి పిల్లల చెయ్యి విరిగినా ఇవ్వకూడదని. ఆస్పత్రికి వచ్చిన కొత్త డ్రెస్సరుకి నీళ్ళ సంగతి తెలియదు. నాకు తెలుసు. నీళ్ళు నా చేతికి వచ్చాయి, జీతం కూడా కాస్త పెరిగింది.

ఆయన బజారు చివర కొలిమి పెట్టుకుని, తిత్తి ఊదుకుంటూ ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేవాడు. నేను ఆ వీధి మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. ఒక పండగ ముందు తప్పక ఒక బిందె పట్టుకెళ్ళాను. నిప్పుల ముందు వంగి ఉన్నాడు. గడ్డం నెరిసింది. బిందె అందుకుని, తిప్పి చూసి, పని మొదలెట్టాడు. తగరం కరిగి వెండిలా పారుతుంటే గుడ్డతో ఒక్క తుడుపు తుడిచాడు. అప్పుడు అడిగాడు.

"ఆస్పత్రిలో నీళ్ళు ఎవరు చూత్తన్నారు?"

"నేనేనండి."

"మోచెయ్యి ముంచుతున్నావా?"

"ముంచుతున్నానండి."

"కట్టు చల్లారేదాకా కూర్చుంటున్నావా?"

"కూర్చుంటున్నాను."

తల ఊపి బిందె నా వైపు జరిపాడు. ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. వెనక ఇంకో ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడింది. అందరూ వినేలా ఒక్క మాట అంటే చాలు. నోట్లో మాట ఉంది. బిందె చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆయన లేడు. ఎవరికి చెప్పినా ఆయనకి చెప్పినట్టు కాదు. ఆ కాగితం ఎక్కడుందో, చెదలు తిన్నాయో, తెలియదు. ఆ రోజు కట్టు గదిలో అయిదుగురే ఉన్నారని అందులో రాశారు. నన్ను గుమ్మం బయట నిలబెట్టారు. నేను బయట లేను.

ఆ గురువారం ఆ గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు. పాదం పట్టి లాగిన డాక్టరు సోమశేఖరంగారు. సూది వేసిన నర్సు రాజమణి. బల్ల మీద, రావికమతం వైపు నుంచి వచ్చిన సింహాచలం. అతని తొడ పట్టుకుని గోడ చూస్తున్న బావ అప్పలనాయుడు. విరిగిన ఎముకని రెండు చేతులా పట్టుకున్న డ్రెస్సరు. ఆయన పేరు ఒకసారి రాయకూడని చోట రాశారు, మళ్ళీ నేను రాయను. బకెట్టు పక్కన కూర్చుని పట్టీలు ముంచిన ఆయా పైడితల్లి. నీళ్ళు నేనే తెచ్చాను.